పోనీయా, కఠియావాడీయా, రేసు గుర్రమా: ఏది మేలు?

భీమిలి వైపు తోటలో గుర్రాన్ని పెంచాలని మా అన్నయ్య పట్టుదల. ఆయన బరువు డెబ్బై అయిదు కిలోలు, కూతురికి పదేళ్ళు. ఇద్దరికీ ఒకే గుర్రం సరిపోవాలట. అమ్మేవాళ్ళందరూ ముందు చెప్పేది ఎత్తే కాబట్టి, ముందు ఆ లెక్క తేల్చుకోవాలి.

గుర్రం ఎత్తును తలదాకా కొలవరు. తల ఎత్తితే ఒక లెక్క, దించితే ఇంకో లెక్క వస్తుంది మరి. జూలు ముగిసి వీపు మొదలయ్యే చోట చేత్తో తడిమితే ఉబ్బెత్తుగా ఎముక తగులుతుంది. అదే మూపు. నేల నుంచి అక్కడిదాకా నిట్టనిలువుగా వచ్చేదే ఎత్తు.

కొలిచేది హ్యాండ్లలోనా, సెంటీమీటర్లలోనా? ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలు. గుర్రాలవాళ్ళ నోట వినిపించేది ఇదే, చిక్కూ ఇక్కడే. 14.2 అని రాస్తే 14 హ్యాండ్ల మీద 2 అంగుళాలు, అంటే 58 అంగుళాలు, దాదాపు 147 సెంటీమీటర్లు. చుక్క తర్వాత 3 దాటి అంకె రాదు, 14.3 తర్వాత నేరుగా 15. బీచ్‌లో గుర్రం తిప్పే కుర్రాడు "పద్నాలుగున్నర సార్" అంటే తప్పు కాదు, అర హ్యాండ్ రెండంగుళాలే కదా. అదే మాటను ఎవరైనా కాగితం మీద 14.5 అని రాస్తే మాత్రం ఆ మనిషికి కొలత తెలియదని అర్థం. నా ఓటు సెంటీమీటర్లకే. బేరంలో చుక్క దగ్గర పేచీ ఉండదు.

టేపు వద్దు, కొలకర్ర మేలు. టేపు భుజం ఉబ్బు మీదుగా పోతుంది కాబట్టి ఎత్తు ఎక్కువ చూపిస్తుంది. అడ్డపట్టీలో నీటిబుడగ ఉన్న కర్రైతే వంకర వెంటనే తెలిసిపోతుంది. ఆర్కే బీచ్ ఇసుకలో కొలిచి చూపిస్తానంటే ఒప్పుకోకండి. గిట్టలు దిగబడతాయి, పైగా ఇసుక సముద్రం వైపు వాలుగా ఉంటుంది. సిమెంటు గచ్చు మీద, నాలుగు కాళ్ళూ సమంగా ఆన్చి, గుర్రం బెదరకుండా నిలబడ్డాక చూడాలి. గిట్టలకు కొట్టే ఇనప నాడాలు ఒక సెంటీమీటరు దాకా కలుపుతాయి. అందుకే అంతర్జాతీయ పోటీల్లో పోనీ, అంటే పొట్టి గుర్రం, అనిపించుకునే హద్దు నాడాలు లేకుండా 148, నాడాలతో 149 సెంటీమీటర్లు. గిట్టలు పెరిగిపోయి ఉంటే అదీ దొంగ ఎత్తే.

ఈ హద్దు పోటీల కోసమే. 13, 14 హ్యాండ్లుండే ఐస్‌లాండ్ జాతిని అక్కడివాళ్ళు గుర్రమనే అంటారు. పోలో ఆటలో 15 దాటినదాన్నీ పోనీ అనే పిలుస్తారు.

ఇక జాతులు. మణిపురి పోనీ 11 నుంచి 13 హ్యాండ్లు. పాపకు ఇది చక్కగా సరిపోతుంది, పడినా పెద్ద ఎత్తు నుంచి పడదు. అన్నయ్యకు మాత్రం కుదరదు. జీనుతో కలిపి మోసే బరువు గుర్రం ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. జీనుతో ఆయన ఎనభై దాటతాడు, అంటే కనీసం 400 కిలోల గుర్రం కావాలి.

రేసు గుర్రం, అంటే థరోబ్రెడ్, 16 హ్యాండ్ల దరిదాపుల్లో ఉంటుంది. రేసులు మానేసినవి తక్కువకే వస్తాయని అన్నయ్యకు ఆశ. కొన్న రోజు చవకే. కానీ పల్చటి చర్మం, చురుకు స్వభావం, పరుగుకే అలవాటుపడ్డ ఒళ్ళు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎక్కితే, అది బెదిరినప్పుడు ఆపలేరు. మన విశాఖ ఉక్కపోతలో చెమట పడుతుంది గానీ ఆరదు, గుర్రం ఒళ్ళు చల్లబడేది చెమట ఆరితేనే. నీడ, నీళ్ళు, గాలి ఉంటే సరే, లేకపోతే టెన్షనే.

మిగిలినవి మన పడమటి జాతులు. చెవుల కొనలు లోపలికి తిరిగి దాదాపు తగిలేవి. మార్వారీ సాధారణంగా 14.2 నుంచి 15.2, సౌరాష్ట్ర కఠియావాడీ 14.2 చుట్టూ. ఇవి పొడి వేడికి పుట్టినవి, ఉక్కకు కాదు, కాబట్టి తోటలోనైనా కొట్టం గాలాడేలా ఉండాలి. ఎక్కిన మనిషిని మోసే ఒళ్ళు, దిగడానికి భయం లేని ఎత్తు రెండూ వీటికే ఉన్నాయి. ఇద్దరికీ ఒకటే అంటే నేను చెప్పేది 400 కిలోలకు తగ్గని, సాధు స్వభావం ఉన్న కఠియావాడీ. తాడు పట్టుకుని నడిపించే మనిషి పక్కన ఉన్నప్పుడే పాప ఎక్కాలి. డబ్బుంటే పాపకు విడిగా పోనీ తీసుకోవడం ఇంకా మేలు.

ఒక్క సంగతి, అన్నయ్యా. మూడేళ్ళ పిల్లగుర్రాన్ని "ఇంకా పెరుగుతుంది సార్" అని అంటగడితే ఆగు. రెండేళ్ళకే గుర్రం ఎత్తు చాలావరకు వచ్చేస్తుంది, ఆపై పెరిగేది ఒళ్ళే. పళ్ళు చూపించి వయసు చెప్పమను, నాడాలు తీసి కొలవమను, ఆ తర్వాతే అడ్వాన్సు.