క్రైస్ట్‌చర్చ్‌లో తొలి అద్దె కారు: బండికి మంచి మార్కులు, కౌంటరుకు సగమే

వేసవి సెలవులు మొదలైన ఏప్రిల్ చివరి వారంలో నేను, నా భార్య, ఐదేళ్ల మా పాప, మా అత్తగారు న్యూజిలాండ్ దక్షిణ ద్వీపానికి వెళ్లి, క్రైస్ట్‌చర్చ్ విమానాశ్రయం దగ్గర ఎనిమిది రోజులకు ఒక కారు అద్దెకు తీసుకున్నాము. పరాయి దేశంలో నేను స్టీరింగు పట్టుకోవడం అదే మొదటిసారి. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఎదురైన ఇబ్బందుల్లో సగం వాళ్లవైతే, మిగతా సగం షరతులు చదవకుండా బయలుదేరిన నావి. బండి విషయంలో మాత్రం వంక పెట్టడానికి ఏమీ లేదు.

మొదటిసారి విదేశంలో కారు నడపాలనుకునే మనవారికి న్యూజిలాండ్ కాస్త సులువైన చోటు. అక్కడ కూడా ఎడమవైపు నడపాలి, స్టీరింగు కుడివైపే ఉంటుంది కనుక అమెరికాలోనో జర్మనీలోనో లాగా చేతులకూ కళ్లకూ కొత్తగా నేర్పవలసిన పని ఉండదు. మన డ్రైవింగ్ లైసెన్సు ఇంగ్లీషులో ఉంటే అక్కడ చెల్లుతుంది. అయినా బయలుదేరే ముందు ఆర్టీఏ కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నాను. ఏడాది పాటు చెల్లే ఆ చిన్న పుస్తకం ఎందుకు పనికి వచ్చిందో కౌంటరు దగ్గర తెలిసింది. నా లైసెన్సు మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పేరుకు ముందు ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, విడిగా ఉంది. క్రెడిట్ కార్డు మీద ఇంటిపేరే లేదు. ఈ మూడూ ఒకే మనిషివని కౌంటరులోని అమ్మాయికి నచ్చజెప్పడానికి పది నిమిషాలు పట్టింది. తెలుగువాళ్లలో చాలామందికి ఈ తంటా తప్పదు కాబట్టి, బుకింగు పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే చేసుకుని, అదే పేరు పూర్తిగా పర్మిట్‌లో ఉండేలా చూసుకోవడం మంచిది. కార్డు కూడా బండి నడిపే మనిషిదే కావాలి, అది క్రెడిట్ కార్డే కావాలి. భార్య కార్డు మీద భర్త, డెబిట్ కార్డు మీద ఎవరైనా అంటే చాలా కంపెనీలు ఒప్పుకోవు. విదేశీ లావాదేవీలను బ్యాంకు యాప్‌లో మనమే తెరిచి ఉంచుకోవాలన్న సంగతి కూడా ఇంటి దగ్గరే చూసుకోవలసినది.

ఇక అసలు సంగతి బీమా. ఈ సేవలో మనం డబ్బు ఇచ్చేది కారుకని అనుకుంటాము కానీ, కారుకు ఏమైనా అయితే ఎవరి జేబుకు ఎంత చిల్లు పడుతుందన్న పంపకమే అందులో పెద్ద భాగం. అద్దెలో కలిసి ఉన్న మామూలు బీమాలో ‘ఎక్సెస్’ అనే మొత్తం ఒకటి ఉంటుంది. ప్రమాదం జరిగితే అంతవరకు మనం భరించాలి, ఆపైన కంపెనీ చూసుకుంటుంది. మా ఒప్పందంలో అది 4,000 న్యూజిలాండ్ డాలర్ల పైమాటే, అంటే మన లెక్కలో రెండు లక్షల రూపాయల చిల్లర. తప్పు ఎదుటివాడిదైనా, లెక్క తేలేదాకా ఆ సొమ్ము మన దగ్గరి నుంచే పడుతుంది. దీన్ని తగ్గించుకోవడానికి రోజుకు ఇంత అని అదనంగా కట్టే పథకాలు కౌంటరులో అమ్ముతారు.

నేను చేసిన పొరపాటు ఏమిటంటే, ధరలు పోల్చి చూపే ఒక వెబ్‌సైటు ద్వారా బుక్ చేసి, అక్కడే ‘పూర్తి రక్షణ’ అని రాసి ఉన్న గడిలో టిక్కు పెట్టి, డబ్బు కట్టి నిశ్చింతగా ఉన్నాను. ఆ రక్షణ అమ్మింది కారు కంపెనీ కాదు, మధ్యవర్తి. దాని పద్ధతి ప్రకారం నష్టం జరిగితే ముందు మనమే కారు కంపెనీకి కట్టి, రసీదులు, ఫోటోలు, రిపోర్టు పంపించి, తరువాత ఆ మధ్యవర్తి నుంచి తిరిగి రాబట్టుకోవాలి. అది మోసమని నేను అనను. చవకగా దొరికే మార్గమే, ఓపిక ఉన్నవారికి సరిపోతుంది. అయితే కారు కంపెనీ దృష్టిలో అది లేనట్టే లెక్క. కాబట్టి ఎక్సెస్ మొత్తాన్నీ కార్డు మీద బ్లాక్ చేస్తామని, అంటే బండి తిరిగి ఇచ్చేదాకా మనం వాడుకోకుండా పట్టి ఉంచుతామని, లేదా తమ పథకం తీసుకుంటే 200 డాలర్లే బ్లాక్ చేస్తామని కౌంటరులో చెప్పారు. రెండు లక్షలు బ్లాక్ అయితే హోటళ్లకూ పడవ టిక్కెట్లకూ నా కార్డులో మిగిలేది చాలా తక్కువ. పద్నాలుగు గంటలకు పైగా ప్రయాణం చేసి, నిద్రకు తూలుతున్న పిల్లతో నిలబడి, వెనక వరుస పెరుగుతుంటే బేరసారాలు ఆలోచించే స్థితిలో ఎవరుంటారు? వాళ్ల పథకమే తీసుకున్నాను. ఒకే నష్టానికి రెండు చోట్ల కట్టినవాడినయ్యాను.

ఇక్కడ కంపెనీని తప్పు పట్టవలసింది ఒకటి ఉంది. ఆ పథకంలో ముందు అద్దం, టైర్లు కలుస్తాయా అని అడిగితే ‘అన్నీ కలుస్తాయి’ అన్నారు తప్ప, ఏవి కలవవో చెప్పలేదు. రాత్రి హోటలుకు వెళ్లి చదివితే కారు అడుగుభాగానికి తగిలే దెబ్బ, నీళ్లలోకి దింపడం వల్ల వచ్చే నష్టం, పొరపాటున వేరే ఇంధనం పోయించడం, తాళం పోగొట్టుకోవడం, ఇవేవీ లేవు. క్వీన్స్‌టౌన్ దగ్గరి స్కిపర్స్ లోయ రోడ్డు లాంటి కొన్ని దారుల్లోకి వెళ్తే బీమా మొత్తమే చెల్లదని కూడా అందులో ఉంది. ఆ దారి అందాలను చూపించే వీడియోలు మా ఫోన్లలో అప్పటికే ఉన్నాయి కాబట్టి, ఆ పేజీ చదవకపోతే నేను తప్పకుండా వెళ్లి ఉండేవాడిని.

బండి టయోటా కరోలా హైబ్రిడ్. బుకింగులో ‘ఇలాంటి కారు’ అని మాత్రమే హామీ ఇస్తారు, ఫలానా మోడల్ అని కాదు. మాకు దక్కినది అదృష్టమే అనుకోవాలి. లీటరుకు ఇరవై కిలోమీటర్లకు పైగా ఇచ్చింది, ఎక్కుడు దారుల్లో ఎక్కడా ఆయాసపడలేదు. డిక్కీలో రెండు పెద్ద పెట్టెలు కుదరక ఒకటి వెనక సీటులో మా అత్తగారి పక్కన ప్రయాణం చేసింది. నలుగురు, నాలుగు పెట్టెలు అయితే ఒక మెట్టు పెద్ద కారు తీసుకోవలసిందే. ఏడేళ్లు నిండని పిల్లలను వారికి తగిన సీటులోనే కూర్చోబెట్టాలని అక్కడి చట్టం. ఆ సీటుకు విడిగా అద్దె తీసుకున్నారు, సరేననుకున్నాము. కానీ దాన్ని బిగించి ఇవ్వడం తమ పని కాదని చేతికిచ్చి వెళ్లిపోవడంతో, చలిగాలిలో ఇరవై నిమిషాలు పట్టీలతో కుస్తీ పట్టాను. బిగించే పద్ధతి ఇంటి దగ్గరే ఒకసారి వీడియోలో చూసి వెళ్లండి.

తాళం తీసుకున్నాక కదలకముందు కారు చుట్టూ నిదానంగా వీడియో తీశాను. చక్రాల అంచులు, బంపర్ల కింది భాగం, పైకప్పు, ముందు అద్దం, మీటరులో ఇంధనం ముల్లు, ఏదీ వదలలేదు. కాగితం మీద వాళ్లు రాసినవి రెండు గీతలు, నాకు కనిపించినవి ఐదు. మిగతా మూడూ రాయించి సంతకం పెట్టించుకున్నాను. ఇండికేటరు ఎటు ఉంది, వైపరు ఎటు ఉంది అన్నది కూడా అక్కడే, బండి నిలబడి ఉండగానే చూసుకోవాలి.

ఎనిమిది రోజుల్లో తెకాపో, మౌంట్ కుక్, క్వీన్స్‌టౌన్, తె అనౌ, మిల్‌ఫోర్డ్ సౌండ్ చూసుకుని తిరిగి వచ్చేసరికి దాదాపు 1,650 కిలోమీటర్లు తిరిగాము. ఊళ్లలో వేగం సాధారణంగా 50, ఊరు దాటాక 100 దాకా అనుమతి ఉంటుంది. అంతమాత్రాన వందలో వెళ్లగలమని కాదు. ఎక్కువ దారి అటొక వరుస, ఇటొక వరుసగా కొండల అంచున మెలికలు తిరుగుతుంది. క్రైస్ట్‌చర్చ్ నుంచి తెకాపోకు 230 కిలోమీటర్లే కదా అని విజయవాడ హైవే లెక్క వేసుకుంటే కుదరదు, మూడు గంటలు పట్టింది. ఏప్రిల్ చివర్లో సాయంత్రం ఐదున్నరకే పొద్దు గుంకుతుంది కాబట్టి రోజుకు నాలుగు గంటలకు మించి నడపకుండా ఏర్పాటు చేసుకున్నాము. మే నుంచి నవంబరు వరకు మిల్‌ఫోర్డ్ దారిలో, మంచులో జారకుండా చక్రాలకు వేసే గొలుసులు దగ్గర ఉంచుకోవలసిన కాలం. అప్పుడు వెళ్లేవారు ఆ సంగతి కంపెనీని ముందే అడగాలి.

మనకు అలవాటు లేనివి రెండే. రౌండ్‌అబౌట్‌లో కుడివైపు నుంచి వచ్చేవారికి ఆగి దారి ఇవ్వాలి. ముందు ముక్కు దూర్చినవాడిదే హక్కు అనే మన శాస్త్రం అక్కడ పనికిరాదు. రెండవది ఒకే వరుస ఉండే వంతెనలు. గుండ్రని బోర్డులో మన వైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే మనం ఆగాలి. నీలం బోర్డులో మన వైపు తెల్లబాణం పెద్దగా ఉంటే మనకు ముందు దారి. అయినా అవతల ఇప్పటికే వంతెన ఎక్కినవారు దిగేదాకా ఆగడమే మేలు. వెనక వాహనాలు పోగుపడితే ఖాళీ చూసి ఎడమకు తీసి, వాళ్లను పోనివ్వాలి. హారను మాత్రం ఎనిమిది రోజుల్లో ఒక్కసారీ కొట్టలేదు, వినలేదు కూడా. మిల్‌ఫోర్డ్ దారిలోని హోమర్ సొరంగం దగ్గర కియా అనే కొండ చిలుకలు ఆగిన కార్ల రబ్బరు పట్టీలను ముక్కుతో పీకుతాయి. మా పాపకు అది యాత్ర మొత్తంలో గొప్ప వినోదం, నాకు మాత్రం ఒప్పందంలోని డ్యామేజీ పేజీ గుర్తుకొచ్చింది.

పెట్రోలు మనమే కొట్టుకోవాలి. మనుషులు లేని బంకులలో కార్డు పెట్టగానే ఒక పెద్ద మొత్తం బ్లాక్ అయి, తరువాత వాడినంతే పడుతుంది, కంగారు పడనక్కరలేదు. మా కారుకు 91 అని రాసి ఉన్న పెట్రోలు. మిల్‌ఫోర్డ్‌కు 118 కిలోమీటర్ల ముందు ఉన్న తె అనౌలోనే ట్యాంకు నింపుకోవాలి. డీజిలు ధర తక్కువగా కనిపించి డీజిలు బండి తీసుకోవాలనిపిస్తే ఒక మాట: పెట్రోలు ధరలో రోడ్డు పన్ను కలిసి ఉంటుంది, డీజిలులో ఉండదు. ఆ పన్నును ప్రతి 1,000 కిలోమీటర్లకు 76 డాలర్ల చొప్పున విడిగా కట్టాలి, కొన్ని కంపెనీలు దాన్ని బండి తిరిగి ఇచ్చేటప్పుడు మన బిల్లులో వేస్తాయి. 2024 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లకూ ఈ పన్ను ఉంది.

తిరుగు ప్రయాణంలో లిండిస్ కనుమ దాటాక, ఎదురుగా వచ్చిన లారీ చక్రం కింది నుంచి ఎగిరిన రాయి తగిలి ముందు అద్దం మీద శనగగింజంత బీట పడింది. అయిష్టంగా కొన్న పథకం అప్పుడు అక్కరకు వచ్చింది; అద్దం ఖర్చు కంపెనీయే భరించింది. కానీ ‘కాగితాల పని’ పేరిట 60 డాలర్లు వేరుగా తీసుకున్నారు. ఆ రుసుము ఒప్పందంలో పదకొండవ పేజీలో ఉందట. మాకు కౌంటరులో ఇచ్చింది రెండు పేజీల సారాంశం. ఇంకా, బ్లాక్ చేసిన 200 డాలర్లు విడుదల కావడానికి మూడు రోజులని చెప్పి పదహారు రోజులు తీసుకున్నారు. రెండు మెయిళ్లకు జవాబు లేదు, మూడవదానికి మర్యాదగా వచ్చింది. బిల్లు కట్టేటప్పుడు మిషను రూపాయల్లోనా, డాలర్లలోనా అని అడిగింది. డాలర్లే నొక్కాను, రూపాయలు నొక్కితే మారకం రేటు ఆ మిషనువాడి ఇష్టం.

బండికి ఐదుకు ఐదు, కౌంటరుకు రెండున్నర. మళ్లీ వెళ్తే ఇదే కంపెనీ దగ్గర తీసుకుంటాను. అయితే ఈసారి మధ్యవర్తి లేకుండా నేరుగా వాళ్ల సైటులోనే బీమాతో కలిపి బుక్ చేసి, ఆ పదకొండవ పేజీ విమానం ఎక్కకముందే చదువుతాను.