తొలి డీకంప్రెషన్ కోర్సు: ఏది మేలు?

వినోదం కోసం చేసే స్కూబా డైవింగ్‌కు రెండు గట్లున్నాయి. ఒకటి 40 మీటర్ల లోతు. రెండోది, ఏ క్షణంలోనైనా నేరుగా పైకి వచ్చేయగలిగినంత సేపే అడుగున ఉండడం. ఈ రెండో గట్టు దాటితే, ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోయేదాకా దారిలో ఆగుతూ ఆగుతూ పైకి రావాలి. దీన్నే డీకంప్రెషన్ అంటారు, ఆగే చోట్లను స్టాప్‌లంటారు. అప్పుడిక మాస్కు ఊడినా, నోటికి గాలి అందించే రెగ్యులేటర్ మొరాయించినా, గుండె దడదడలాడినా పైకి పారిపోవడం కుదరదు. ఏ గొడవైనా నీటిలోనే తేల్చుకోవాలి. డీకంప్రెషన్ కోర్సు నేర్పాల్సింది ఇదే. ఏ లోతులో ఎన్ని నిమిషాలు ఆగాలో చేతికున్న కంప్యూటరే చెబుతుంది.

నిజానికి ఈ గట్లు మనుషులు వేసుకున్నవే. ఫ్రాన్స్‌లో మూడో స్థాయి డైవర్లు మామూలు గాలితోనే 60 మీటర్ల దాకా, స్టాప్‌లు చేసుకుంటూ, స్వతంత్రంగా దిగవచ్చు. అక్కడ అది టెక్నికల్ డైవింగ్ (వినోద హద్దులు దాటిన డైవింగ్) కిందికి రాదు. బ్రిటన్‌లోని డైవింగ్ క్లబ్బుల సంస్థ బీఎస్ఏసీ కూడా స్టాప్‌లున్న డైవ్‌లను క్లబ్బు శిక్షణలో భాగంగానే నేర్పుతుంది. అయితే వినోద డైవింగ్ నుంచి ఈ వైపు అడుగువేసే వారికి ప్రపంచంలో ఎక్కువ చోట్ల కనిపించే దారులు మూడు శిక్షణ సంస్థలవి: ప్యాడీ వారి టెక్ 40, దాని తర్వాత టెక్ 45; టీడీఐ వారి అడ్వాన్స్‌డ్ నైట్రాక్స్, డీకంప్రెషన్ ప్రొసీజర్స్ అనే కోర్సుల జంట; జీయూఈ వారి టెక్ 1.

చేరడానికి అడిగే అర్హతల్లోనే మూడింటి స్వభావం బయటపడుతుంది. టెక్ 40కి 18 ఏళ్లు నిండాలి, 30 డైవ్‌లు నమోదై ఉండాలి, వాటిలో కనీసం పది 18 మీటర్లకు మించిన లోతులో నైట్రాక్స్‌తో (ఆక్సిజన్ పాలు పెంచిన గాలితో) చేసినవి కావాలి. టెక్ 45కి ఆ 30 కాస్తా 50 అవుతుంది, రెస్క్యూ డైవర్ శిక్షణ కూడా తోడవుతుంది. టీడీఐ జంటకు 25 డైవ్‌లు చాలు. టెక్ 1కి ప్రాథమిక శిక్షణ తర్వాత 100 డైవ్‌లు కావాలి. దానితోపాటు ఆ సంస్థ ఫండమెంటల్స్ కోర్సులో టెక్నికల్ స్థాయి ఉత్తీర్ణత ఉండాలి. పొగ తాగేవారిని అసలు తీసుకోరు.

25 డైవ్‌లంటే చాలామందికి రెండు మూడు సెలవు యాత్రల అనుభవం. దానితో వీపున జంట సిలిండర్లు, పక్కన మరొకటి తగిలించుకుని 45 మీటర్లకు దిగడం నేల విడిచి సాము చేయడమే. టీడీఐ పక్షాన చెప్పాల్సిందీ ఉంది. ఆ సంఖ్య గడప మాత్రమే. గడప దాటిన వారందరికీ కార్డు ఇవ్వాలని నియమమేమీ లేదు. మంచి శిక్షకులు ముందుగా ఒక డైవ్ చేయించి, సిద్ధంగా లేనివారిని వెనక్కి పంపుతారు. కానీ ఎదుట ఉన్న శిక్షకుడు మంచివాడైతేనే నిలబడే ప్రమాణాన్ని ప్రమాణమని ఎలా అనాలి?

ఈ ఒక్క విషయంలో జీయూఈ పద్ధతి నాకు నచ్చుతుంది. అది డైవ్‌ల లెక్కతో ఆగదు. ఫండమెంటల్స్‌లో టెక్నికల్ ఉత్తీర్ణత రావాలంటే పని చేస్తున్నంతసేపూ శరీరం అడ్డంగా, 20 డిగ్రీలకు మించి వాలకుండా ఉండాలి. అనుకున్న లోతు నుంచి మీటరుకు మించి కదలకూడదు. ఇది అందచందాల పోటీ అని ఎగతాళి చేసేవారున్నారు. ఆరు మీటర్ల దగ్గర స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తున్న మనిషిని ఊహించుకోండి. అక్కడ ఆక్సిజన్ పీడనం 1.6 బార్ (నీటి పైన మామూలు గాలి పీడనం సుమారు ఒక బార్), అంటే విశ్రాంతిగా స్టాప్‌లో ఉన్నప్పుడు ఒప్పుకునే గరిష్ఠ హద్దు. హుక్కు సర్దుకుంటూ ఏమరుపాటున మూడు మీటర్లు జారితే 1.9 బార్. ఆ పీడనంలో మూర్ఛ ఏ హెచ్చరికా లేకుండా రావచ్చు. నీటిలో మూర్ఛ వస్తే నోట్లోని రెగ్యులేటర్ జారిపోతుంది. లోతును పట్టి నిలబడడం ఇక్కడ ప్రాణానికి సంబంధించిన నైపుణ్యం.

కార్డు చేతికొచ్చాక ఏది ఎంత దూరం తీసుకెళ్తుంది? టెక్ 40 పేరుకు తగ్గట్టే 40 మీటర్లలోపు. డీకంప్రెషన్ మొత్తం పది నిమిషాలకు మించకూడదు. 50 శాతం దాకా ఆక్సిజన్ ఉన్న నైట్రాక్స్ సిలిండర్ ఒకటి తీసుకెళ్లవచ్చు కానీ, దాన్ని చూపి స్టాప్‌ల సమయం తగ్గించుకోకూడదు. వెనక సిలిండర్ వాయువుతో ఎంతసేపు ఆగాలో అంతసేపూ ఆగాలి. మేలైన వాయువు అదనపు రక్షణగా మాత్రమే. ఈ నిబంధన చాదస్తమని టెక్నికల్ డైవర్లు కొందరు పెదవి విరుస్తారు. నాకు మాత్రం ఇదే ఆ కోర్సులోని తెలివి. సిలిండర్ పనిచేయకపోయినా, స్నేహితుడికి ఇవ్వాల్సి వచ్చినా ప్రణాళిక చెక్కుచెదరదు. గాలితో 40 మీటర్ల దగ్గర స్టాప్ లేకుండా ఉండగలిగేది పది నిమిషాల లోపే. పది నిమిషాల డీకంప్రెషన్ ఒప్పుకుంటే ఆ లోతులో ఉన్న ఓడ శిథిలాన్ని తీరిగ్గా చూడడానికి కావలసిన సమయం చేతికొస్తుంది. చాలామందికి కావలసింది అంతే.

టెక్ 45లోనూ, టీడీఐ జంటలోనూ లోతు 45 మీటర్లు. మేలైన వాయువుతో స్టాప్‌లను నిజంగానే కుదించుకోవడం అక్కడ మొదలవుతుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ దాకా వాడవచ్చు. టెక్ 1 లోతు 51 మీటర్లు, డీకంప్రెషన్ 30 నిమిషాలు, పక్కన తగిలించుకునే స్టేజ్ సిలిండర్ ఒక్కటే. తేడా ఏమిటంటే అడుగున పీల్చేది గాలి కాదు, హీలియం కలిసిన ట్రైమిక్స్.

అసలు పోలిక ఇక్కడే ఉందని నా అభిప్రాయం. 45 మీటర్ల దగ్గర గాలిలోని నైట్రోజన్‌తో మత్తు ఎక్కుతుందని డైవర్లందరికీ తెలుసు. చాలాకాలం పట్టించుకోనిది వాయువు సాంద్రత. లోతు పెరిగేకొద్దీ పీల్చే గాలి చిక్కబడుతుంది, ఊపిరి తీయడం కష్టమవుతుంది, కార్బన్ డయాక్సైడ్ ఒంట్లో పేరుకుంటుంది. లీటరుకు 5.2 గ్రాములు దాటకుండా చూసుకోవాలని, 6.2 గ్రాములు ఎట్టి పరిస్థితుల్లోనూ దాటవద్దని ఇప్పుడు డైవింగ్ వైద్యులు ఇచ్చే సలహా. గాలి మొదటి హద్దును 31 మీటర్ల దగ్గర, రెండోదాన్ని 39 మీటర్ల దగ్గర దాటేస్తుంది. 45 మీటర్ల దగ్గర అది లీటరుకు ఏడు గ్రాములు పైబడి ఉంటుంది. నైట్రాక్స్ వాడినా సాంద్రతలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. అదే 21 శాతం ఆక్సిజన్, 35 శాతం హీలియం ఉన్న ట్రైమిక్స్ అయితే అదే లోతులో సుమారు ఐదు గ్రాములు. మత్తు గాలితో 26 మీటర్ల దగ్గర ఉన్నట్టుంటుంది. అంటే రెండు కోర్సులు గాలితో పంపే లోతు, సలహాగా చెప్పిన గరిష్ఠ హద్దుకు ఆవల ఉంది. కార్డు అనుమతించినంత మాత్రాన ఊపిరితిత్తులు ఒప్పుకోవు. టీడీఐలో హెలిట్రాక్స్ అనే కోర్సు ఉంది. లోతు అదే 45 మీటర్లు, వాయువులో హీలియం అదనం. ఆ దారి ఉండగా గాలితో వెళ్లడమెందుకో నాకు అర్థం కాదు. హీలియం ఖరీదు ఎక్కువన్నది నిజమే, కానీ అది లోతు తగ్గించుకోవడానికి కారణమవుతుంది తప్ప గాలితో దిగడానికి కాదు.

ఏ కోర్సులో చేరినా వాయువు లెక్క మాత్రం ఒకటే. దాన్ని మీరు చేత్తో కట్టగలగాలి. 45 మీటర్ల దగ్గర స్నేహితుడి వాయువు ఒక్కసారిగా పోయిందనుకుందాం. ఇద్దరూ కంగారులో నిమిషానికి చెరో 30 లీటర్లు పీలుస్తారు. తేరుకోవడానికి ఒక నిమిషం: 5.5 బార్ పీడనం దగ్గర 330 లీటర్లు. 50 శాతం నైట్రాక్స్ పీల్చగలిగే 21 మీటర్ల దాకా రావడానికి సుమారు మూడు నిమిషాలు, సగటు పీడనం 4.3 బార్: ఇంకో 770 లీటర్లు. మొత్తం 1,100. ఒక్క 12 లీటర్ల సిలిండర్‌లో ఇది 92 బార్‌లకు సమానం, జంటలో 46. ఒంటి సిలిండర్‌తో ఇలాంటి డైవ్ ఎందుకు చేయరాదో ఈ రెండు అంకెలే చెబుతాయి. ఈ లెక్కను నల్లబల్ల మీద వేయించకుండా సాఫ్ట్‌వేర్ తెరవమనే శిక్షకుడి దగ్గర ఏ సంస్థ కార్డూ తీసుకోవద్దు.

ఇక ఒకే స్టేజ్ సిలిండర్ పట్టుకెళ్లేటప్పుడు 50 శాతం నైట్రాక్స్ మేలా, స్వచ్ఛమైన ఆక్సిజన్ మేలా? స్టాప్‌లలో ఎక్కువ సమయం గడిచేది ఆరు, మూడు మీటర్ల దగ్గర. అక్కడ ఆక్సిజన్‌ను మించింది లేదు, ఎందుకంటే పీల్చే ఊపిరిలో నైట్రోజన్ అసలే ఉండదు. కానీ అది ఆరు మీటర్ల దాకా అక్కరకు రాదు. 50 శాతం వాయువు 21 మీటర్ల నుంచే పనికొస్తుంది. ఏదైనా తేడా జరిగితే చేయి చాచే చోటు అంత లోతున ఉండడం చిన్న విషయం కాదు. పైగా ఆరు మీటర్ల స్టాప్‌లో కొంచెం జారినా ప్రమాదం లేదు. తొలి కోర్సుకు 50 శాతమే సరి. టెక్ 1 దాన్నే ప్రామాణికంగా పెట్టుకుంది. అయితే ఏదైనా సరే, 45 మీటర్ల దగ్గర పొరపాటున నోట్లో పెట్టుకుంటే చావుతో సమానం: ఆ లోతులో 50 శాతం వాయువులో ఆక్సిజన్ పీడనం 2.75 బార్. అందుకే సిలిండర్ మీద గరిష్ఠ లోతు పెద్ద అంకెల్లో రాయడం, గొట్టాన్ని చేత్తో తడుముతూ సిలిండర్ దాకా వెళ్లి సరిచూసుకోవడం, స్నేహితుడు ఔనన్నాకే పీల్చడం. మూడు సంస్థలూ ఇది నేర్పుతాయి. ఎన్నిసార్లు చేయించారన్నదే తేడా.

స్టాప్‌లు ఎక్కడ మొదలుపెట్టాలన్న విషయంలోనూ శిక్షకుణ్ణి అడిగి చూడండి. 1908లో హాల్డేన్ మేకల మీద ప్రయోగాలతో వేసిన పునాది మీద జ్యూరిక్‌లో బ్యూల్‌మన్ కట్టిన లెక్కల నమూనానే నేటి కంప్యూటర్లలో చాలావాటికి ఆధారం. మధ్యలో కొన్నేళ్లపాటు లోతైన స్టాప్‌ల మోజు, అంటే ఎక్కువ లోతు నుంచే ఆగడం మొదలుపెట్టాలన్న వాదం, నడిచింది. అమెరికా నావికాదళ పరిశోధకులు 2011లో వెలువరించిన ఫలితాలు దాని మీద నీళ్లు చల్లాయి. 52 మీటర్లు, 30 నిమిషాలు, గాలితోనే డైవ్, పోల్చిన రెండు పద్ధతులకూ మొత్తం డీకంప్రెషన్ సమయం ఒక్కటే. లోతున ఎక్కువ ఆగిన పద్ధతిలో 198 డైవ్‌లకు 11 మందికి డీకంప్రెషన్ జబ్బు (కరిగిన వాయువు ఒంట్లో బుడగలు కట్టడంతో వచ్చేది) వచ్చింది. పైన ఎక్కువ ఆగిన పద్ధతిలో 192 డైవ్‌లకు ముగ్గురికి. గాలితో చేసిన ప్రయోగం కాబట్టి ట్రైమిక్స్‌కు అక్షరాలా వర్తించదనవచ్చు. అయినా ఇంకా లోతైన స్టాప్‌లనే మంత్రంలా వల్లించే శిక్షకుడు పదేళ్లుగా చదవడం మానేశాడని అర్థం.

ఎవరికి ఏది? ఒకే బృందంతో, ఒకే రకం సామగ్రితో, ఏళ్ల తరబడి డైవ్ చేయాలనుకునేవారికి టెక్ 1కి మించినది లేదు. అందులోని లోటు కూడా అదే: మీ చుట్టూ అదే శిక్షణ పొందినవారు లేకపోతే నేర్చుకున్న పద్ధతిలో సగం వృథా. 40 మీటర్లలోపు శిథిలాలే లోకంగా ఉన్నవారు టెక్ 40 చేసి అక్కడే ఉండిపోవచ్చు. పై మెట్టు కనిపించింది కదా అని ఎక్కనక్కర్లేదు. టీడీఐ దారిలో వెళ్లేవారు 25 దగ్గర కాదు, 80, 100 డైవ్‌లు అయ్యాక, హీలియంతో వెళ్లండి. హీలియం దొరకని చోటైతే 35 మీటర్ల లోపే ఉండి, స్టాప్‌లు, వాయువు మార్పిడి, వాల్వులు మూసి తెరవడం అక్కడే సాధన చేయండి. ఆ లోతులో చేసినా డీకంప్రెషన్ డీకంప్రెషనే.