రెండు కళ్ల వీడియోను కుదించడానికి ఏది మేలు?

కుదించని 1080పీ వీడియో, సెకనుకు 24 ఫ్రేముల చొప్పున, రంగు వివరాలను వెలుగు వివరాల కన్నా తక్కువగా ఉంచే 8 బిట్ల 4:2:0 రూపంలో, ఒక్క కంటికే సెకనుకు దాదాపు 600 మెగాబిట్లు అవుతుంది. త్రీడీ కోసం రెండో కెమెరా పెడితే ఆ భారం రెట్టింపవుతుంది. రెండు కెమెరాలు చూసేది ఒకే దృశ్యాన్ని కాబట్టి రెండోది దాదాపు ఉచితంగా వచ్చేయాలని అనిపిస్తుంది గానీ, అలా జరగదు.

అన్నిటికన్నా సులువైన దారి, ఎడమ, కుడి చిత్రాలను అడ్డంగా సగానికి తగ్గించి ఒకే ఫ్రేములో పక్కపక్కన పేర్చడం. పాత సెట్‌టాప్ బాక్సులు మార్చనక్కరలేదు కాబట్టి త్రీడీ టీవీ ప్రసారాలు దీన్ని ఆశ్రయించాయి. పోయిన సగం స్పష్టత మాత్రం మళ్లీ రాదు.

రెండో దారి, ఒక దృశ్యాన్ని (అంటే ఒక కెమెరా చూసే చిత్రాన్ని) ఆధారంగా తీసుకుని పక్క దృశ్యాన్ని దాని నుంచి అంచనా కట్టడం. 2009లో హెచ్.264 అనే వీడియో కుదింపు ప్రమాణానికి చేర్చిన ఎంవీసీ (బహుదృశ్య కుదింపు) ఈ పనే చేస్తుంది. బ్లూరే త్రీడీ డిస్కులు దాన్నే తీసుకున్నాయి. 2014లో హెచ్.264 తర్వాతి తరం ప్రమాణమైన హెచ్‌ఈవీసీకి ఇదే పని చేసే ఎంవీ-హెచ్‌ఈవీసీ తోడైంది. ఇక్కడ పొదుపు ఆశించినంత ఉండకపోవడానికి కారణముంది: పక్క కెమెరా ఇదే క్షణంలో తీసిన ఫ్రేము కన్నా, అదే కెమెరా క్షణం ముందు తీసిన ఫ్రేమే ఎక్కువగా పోలి ఉంటుంది. కదలని గోడనూ నేలనూ ముందు ఫ్రేము నుంచి కట్టే కాలక్రమ అంచనాయే చూసుకుంటుంది కాబట్టి, పక్క దృశ్యం అక్కరకొచ్చేది ముఖ్యంగా వీడియోను మధ్యలో తెరవడానికి వీలుగా ఉంచే ఫ్రేముల దగ్గర, లేదా కదలిక మరీ వేగంగా ఉన్నచోట. రెండు కెమెరాల రంగూ వెలుగూ కలవకపోతే ఆ కాస్త లాభమూ సన్నగిల్లుతుంది. పైగా దృశ్యాల సంఖ్యతో పాటే బిట్‌రేటూ (సెకనుకు పంపాల్సిన బిట్ల సంఖ్య) పెరుగుతూ పోతుంది.

మూడో దారి అయిన 3డీ-హెచ్‌ఈవీసీ రెండు మూడు దృశ్యాలతో పాటు డెప్త్ మ్యాపులను (ఒక్కో పిక్సెల్ ఎంత దూరంలో ఉందో చెప్పే చిత్రాలను) పంపి, ఆ కెమెరాల మధ్య నుంచి కనిపించే దృశ్యాలను చూసేవారి పరికరంలోనే తయారుచేయిస్తుంది. కళ్లజోడు లేకుండా చూసే బహుదృశ్య తెరలకు ఇది బాగా నప్పుతుంది. చిక్కేమిటంటే, డెప్త్ మ్యాపును ఎవరూ నేరుగా చూడరు. అందులోని తప్పు, తయారైన దృశ్యంలో వస్తువు పక్కకు జరిగినట్టుగా బయటపడుతుంది. కుదింపులో దాని పదునైన అంచులు మసకబారితే మనిషి భుజం చుట్టూ నేపథ్యం చిరిగినట్టు కనిపిస్తుంది. అందువల్ల ఎన్‌కోడర్ (వీడియోను కుదించే సాధనం) తప్పును డెప్త్‌లో కాక, తయారయ్యే దృశ్యంలో కొలవాలి. ఇది ఖరీదైన లెక్క. ముందున్న వస్తువు చాటున దాగిన భాగాన్ని ఊహించి పూరించక తప్పదు. అద్దం, పొగ వంటి వాటికైతే, పిక్సెల్‌కు ఒకే లోతు అన్న భావనే సరిపోదు.

రెండు కళ్లకే అయితే నా ఓటు ఎంవీ-హెచ్‌ఈవీసీకే. అది పైస్థాయి సింటాక్స్‌ను (వీడియో ధారలో సమాచారాన్ని అమర్చే నియమాలను) మార్చిందే తప్ప బ్లాకు స్థాయి లెక్కలను, అంటే ఫ్రేములోని చిన్న చిన్న ముక్కలను కుదించే లెక్కలను ముట్టుకోలేదు. ఉన్న హెచ్‌ఈవీసీ హార్డ్‌వేర్‌ను చాలావరకు వాడుకోవచ్చు. 2023లో ఐఫోన్ 15 ప్రో తన త్రీడీ వీడియో రూపమైన స్పేషియల్ వీడియోకు ఎంచుకున్నదీ అదే. 3డీ-హెచ్‌ఈవీసీ బ్లాకు స్థాయిలోనే కొత్త పనిముట్లు అడిగింది. చూసేవారు తల కదిపి పక్కకు తొంగిచూడాలంటే డెప్త్ తప్పదు. అప్పుడు కూడా ఎంపెగ్ ఇమ్మర్సివ్ వీడియో అనే ప్రమాణమే నయం, ఎందుకంటే అది దృశ్యాల, డెప్త్ మ్యాపుల ముక్కలను అట్లాసులుగా (ముక్కలన్నీ ఒకచోట చేరిన ఫ్రేములుగా) పేర్చి మామూలు కోడెక్‌కే (వీడియోను కుదించి, విప్పే సాధనానికే) అప్పగిస్తుంది. బదులుగా ఆ వీడియో ధారలన్నిటినీ ఒకేసారి విప్పి దృశ్యాన్ని కూర్చగల గ్రాఫిక్స్ సత్తా చూసేవారి పరికరానికి ఉండాలి.