ట్రక్కు క్యాంపర్: రెండున్నరేళ్ల వాడకం తర్వాత వెనక తలుపు గురించి

పికప్ ట్రక్కు మీద కూర్చోబెట్టే క్యాంపర్‌లో, అంటే ప్రయాణంలో వండుకుని పడుకునే గదిలో, మంచం పొడవు ఎంత, పొయ్యి ఎక్కడ ఉంటుంది అన్నవి ఫొటోలు చూసినా తెలిసిపోతాయి. నేను రాయదలచుకున్నది దాని వెనక తలుపు గురించి, దాని మూలంగా మేము పడిన దుమ్ము బాధ గురించి. కావలి నుంచి బయలుదేరి ఇప్పటికి మూడు దూరప్రయాణాలు చేశాము. నల్లమల వైపు, బందీపూర్ వైపు వెళ్లిన మొదటి రెండింటిలో దారంతా తారురోడ్డే కావడంతో ఈ లోపం బయటపడలేదు. పైగా బందీపూర్ అడవి రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసివేస్తారు కాబట్టి పెందలాడే ఆగి, లోపలే వండుకుని పడుకునే మాకు ఈ బండి ఎంతో సుఖంగా ఉండింది. వానలో చుక్క నీరు కారలేదు, తలుపు అంత బిగువుగా ఉందని అడిగినవారందరికీ చెప్పాను. నీటి వరకు ఆ మాట ఇప్పటికీ నిజమే.

మూడో ప్రయాణం మధ్యప్రదేశ్‌లోని కాన్హా జాతీయ పార్కుకు. మేదరమెట్ల, అద్దంకి, నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాదు చేరి, అక్కడ 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి ఆదిలాబాదు, నాగపూరు దాటాము. పెంచ్ అడవి దగ్గర ఆ రహదారిని జంతువులు కిందనుంచి దాటిపోయేలా వంతెనల మీదుగా తీసుకువెళ్లారు. ఆ రోడ్డు మీద బండి నడపడమే ఒక సంతోషం. సివనీ దాటి కాన్హా వైపు తిరిగాక మాత్రం మరమ్మతుల్లో ఉన్న కంకరరోడ్డు తగిలింది. దాదాపు రెండు గంటలు దాని మీదే నడిచి, సాయంత్రానికి కాన్హా పార్కు ఖటియా గేటు దగ్గర బస చేసేచోట వెనక తలుపు తీశాము.

లోపల పరుపు మీద, దిండ్ల మీద, గ్యాసు పొయ్యి మీద గోధుమపిండి జల్లెడ పట్టినట్టు సన్నని దుమ్ము పరుచుకుని ఉంది. మా ఆవిడ దుప్పటి మీద వేలితో గీస్తే అడుగున ఉన్న నీలం రంగు గీతలా కనిపించింది. ఇంటినుంచి తెచ్చుకున్న మొలగొలుకుల బియ్యం సంచి కుట్టు వెంబడి దుమ్ము తాడులా పేరుకుంది. కడిగి వండినా ఆ రాత్రి అన్నం పంటికింద కరకరలాడింది. ఉదయం చీకటితోనే సఫారీకి వెళ్లవలసి ఉండగా ఆమె అర్ధరాత్రి దాకా తుడుస్తూ కూర్చోవడం చూసి నాకు చాలా కష్టమనిపించింది.

పార్కు లోపలి కోర్ అడవిలోకి సొంత బండ్లను అనుమతించరు. అక్కడి జిప్సీ జీపులోనే, గైడుతో వెళ్లాలి. ఆ ఉదయం బారసింగా జింకల మందను చూశాము గానీ, నా మనసంతా బయట నిలిపిన బండి తలుపు మీదే ఉంది. మధ్యాహ్నం తలుపు అంచుల చుట్టూ ప్యాకింగ్ టేపు అంటించాను. తిరుగు ప్రయాణంలో అదే కంకరరోడ్డు మీద మళ్లీ అంతే దుమ్ము వచ్చింది.

సివనీ దగ్గర దాబాలో చీమకుర్తి వైపు నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు మా నంబరు ప్లేటు చూసి పలకరించాడు. నేను తలుపు అంచుల రబ్బరు బీడింగు మార్చాలని చెబుతుంటే అతను ఒప్పుకోలేదు. "బీడింగు కాదు బాబాయ్. పల్లెవెలుగు బస్సులో ఎనక సీట్లో కూసున్నప్పుడు సూడలా? ముందు అద్దాలు మూసేస్తే ఎనకంతా దుమ్మే కదా. బండి పోతా ఉంటే ఎనకమాల గాలి ఖాళీ అయిపోద్ది, ఆ ఖాళీలోకి దుమ్ము ఎగబడుద్ది. పైన ముందుకు తెరుచుకునే కిటికీ ఉంటే తియ్, గాలి ముందునుంచి లోపలికి తోస్తే ఎనకనుంచి దుమ్ము రాదు" అన్నాడు.

మా క్యాంపర్ పైకప్పుకు సరిగ్గా అటువంటి కిటికీ ఉంది. క్యాంపర్‌ను తయారుచేసి ఇచ్చిన షెడ్డువారు బండి నడిచేటప్పుడు కిటికీలన్నీ మూసి ఉంచమని గట్టిగా చెప్పారు, నేను అలాగే చేశాను. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం. ఇంత డబ్బు తీసుకున్నవారు ఈ ఒక్క మాట చెప్పి ఉండవలసింది.

ఇంటికి వచ్చాక ఉదయగిరి వైపు మట్టిరోడ్డు మీద పరీక్షించి చూశాను. పరుపు మీద ఉతికిన తెల్ల పంచె పరిచి, అన్నీ మూసి 10 కిలోమీటర్లు నడిపితే పంచె ఎర్రబడింది. మరో పంచె పరిచి, పైకిటికీని రెండు వేళ్ల మందం ముందుకు తెరిచి, దానికి నాలుగు మడతల నూలుగుడ్డ కట్టి అదే దారిలో అంతే దూరం నడిపితే, తలుపు వైపు అంచున తప్ప పంచె తెల్లగానే ఉంది. ఆ తెల్లని పంచె చూసినప్పటి సంతోషం ఈ బండి కొన్న రోజు కూడా నాకు కలగలేదు.

ఇందులో జాగ్రత్తలు ఉన్నాయి. ముందు మరో బండి పోతుంటే దాని దుమ్మే పైకిటికీలోంచి వస్తుంది కాబట్టి ఎడం ఇచ్చి నడపాలి. వేగంగా పోతే గాలి మూతను విరిచేస్తుంది, అందుకని హైవే ఎక్కగానే మూసేస్తున్నాను. దుమ్ము వస్తోందని కింద నేల దగ్గరి గ్యాసు రంధ్రాన్ని మాత్రం ఎవరూ మూయవద్దు. వంటగ్యాసు గాలికన్నా బరువైనది, కారితే బయటికి పోవడానికి అదే దారి. నాకు ఒకరు ఆ సలహా ఇచ్చారు, వినకపోవడం మంచిదైంది.

కొనవచ్చా అని అడిగితే, మాలాగా ఇద్దరే, తొందర లేకుండా, ఎండ ముదరకముందు వెళ్లేవారికి నేను కొనమనే చెబుతాను. కాన్హా వంటి పార్కులు జూలై నుంచి సెప్టెంబరు ఆఖరు వరకు ఎలాగూ మూసి ఉంటాయి కాబట్టి వానలో పైకిటికీ తెరవవలసిన అవసరం మాకు రాలేదు. వానాకాలంలో పడమటి కనుమల వైపు తిరగాలనుకునేవారు మాత్రం, వానకు పైకిటికీ తెరవలేరు కాబట్టి, కొనేముందు ఆ బండిని ఒక మట్టిరోడ్డు మీద, లోపల తెల్లగుడ్డ పరిచి నడిపి చూడండి.