అట్ట మీద రెండు గేములు, కార్డులో ఒకటే: సెకండ్ హ్యాండ్ రీమాస్టర్లతో జాగ్రత్త

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ పాత ఆర్‌పీజీ (ఒక పాత్రగా కథలో సాగే) గేముల రీమాస్టర్లు (మెరుగులు దిద్దిన పాత గేములు), రీమేకులు (మళ్లీ కొత్తగా తయారుచేసినవి) సెకండ్ హ్యాండ్‌లో కొనబోతున్నవాళ్లు డబ్బు తీసే ముందు ఇది చదవండి. నింటెండో స్విచ్ కన్సోల్ కోసం ‘ఫైనల్ ఫ్యాంటసీ 10, 10-2 హెచ్‌డీ రీమాస్టర్’ వెతుకుతున్నవాళ్లయితే తప్పనిసరిగా చదవండి.

నేను కొన్నది అదే. తిరుపతిలోనే ఒక చిన్న దుకాణం. పెట్టె కొత్తదానిలా ఉంది, అట్ట మీద రెండు గేముల పేర్లూ ఉన్నాయి, ధర 2,600 రూపాయలు. “రెండూ ఉన్నాయా?” అని అడిగాను. “రెండూ ఉన్నాయన్నా, పైన రాసి ఉంది కదా” అన్నాడు. కార్డును కన్సోల్‌లో పెట్టి, పదో గేమ్ మొదలవడం చూపించాడు కూడా. ఇంటికి తెచ్చి చూస్తే రెండో గేమ్ కార్డులో లేనే లేదు. పెట్టె లోపల ఒక కాగితం ముక్క, దాని మీద డౌన్‌లోడ్ కోడ్. ఆ కోడ్ ఎంటర్ చేస్తే ఇదివరకే వాడేసినది అని వచ్చింది. మొదట కొన్నవారు ఎప్పుడో వాడుకున్నారు, అంతే. ఒకసారి వాడిన కోడ్ ఇంకెవరికీ పనికిరాదు.

ఇది దుకాణదారు ఒక్కడి మాయ కాదు, గేమ్ అమ్మిన తీరే అలాంటిది. 2019లో స్విచ్‌కు వచ్చినప్పుడు అమెరికా, యూరప్ పెట్టెల్లో పదో గేమ్‌ను మాత్రమే కార్డులో పెట్టి, దాని కథకు కొనసాగింపైన 10-2ను కోడ్‌గా ఇచ్చారు. అంతకుముందు 2014లో సోనీ చేతి కన్సోల్ పీఎస్ వీటాకు వచ్చినప్పుడూ ఇదే పద్ధతి. అదే జంట 2015లో పీఎస్4 (ప్లేస్టేషన్ 4)కు వస్తే రెండూ ఒకే డిస్కులో హాయిగా ఇమిడిపోయాయి. కాబట్టి ఇంట్లో పీఎస్4 గానీ డిస్కు పెట్టే పీఎస్5 గానీ ఉన్నవాళ్లు ఆ డిస్కే వెతుక్కోండి. 2001 నాటి పదో గేమ్ పూర్తి చేసినవాళ్లకు, అందులోని కథానాయిక యూనాకు ఆ తర్వాత ఏమైందన్న కుతూహలం ఎంత ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆ సగాన్నే కాగితం ముక్కకు వదిలేశారు.

అయినా దుకాణదారుకు తెలియదంటే నేను నమ్మను. తిరిగి వెళ్లి అడిగితే, “కార్డు పనిచేస్తోంది కదన్నా, కోడ్‌తో మాకు సంబంధం లేదు” అన్నాడు. సంబంధం లేనప్పుడు అట్ట మీది రెండో పేరు చూపించి బేరం ఎందుకు చేసినట్టు? వెనక్కి ఇస్తే 900 ఇస్తానన్నాడు. కాదంటే అదే ధరకు ఇంకేదైనా తీసుకోమన్నాడు.

ఆ ‘ఇంకేదైనా’ ఎలా ఉందో కూడా చెప్పాలి. పీఎస్4 ‘ఫైనల్ ఫ్యాంటసీ 7 రీమేక్’ పెట్టె తెరిచి చూస్తే లోపల ఒకటే డిస్కు, రెండోదాని చోటు ఖాళీ. “ఆడేది ఈ డిస్కుతోనే” అన్నాడు. అందులో సగం నిజం ఉంది: ఆడేటప్పుడు పెట్టాల్సింది ప్లే డిస్కే. కానీ ముందు డేటా డిస్కుతో ఇన్‌స్టాల్ చేస్తేనే గేమ్ కన్సోల్‌లోకి ఎక్కుతుంది. అది లేనిదే ప్లే డిస్కు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పైగా దాన్ని ‘మొత్తం ఏడో గేమ్’ అని అమ్ముతున్నాడు. 2020లో వచ్చిన ఈ రీమేక్‌లో ఉన్నది మిడ్‌గార్ నగరం వరకే. ఆ తర్వాతి కథకు 2024లో ‘రీబర్త్’ వేరేగా వచ్చింది, దానికీ రెండు డిస్కులే.

పక్కనే పోకెమాన్ ‘సోల్ సిల్వర్’ డీఎస్ (నింటెండో పాత చేతి కన్సోల్) కార్డు. 1999 నాటి సిల్వర్‌కు 2009లో వచ్చిన రీమేక్ అది. చేతిలోకి తీసుకున్నాను; మామూలు డీఎస్ కార్డులాగే బూడిద రంగు. అసలు కార్డుకు నల్లటి ప్లాస్టిక్ ఉంటుంది, గట్టి వెలుతురుకు అడ్డం పెడితే ముదురు ఎరుపు ఛాయ కనబడుతుంది. అడుగులు లెక్కపెట్టే పోకెవాకర్‌తో మాట్లాడే ఇన్‌ఫ్రారెడ్ భాగం అందులోనే ఉంటుంది కాబట్టి ఆ రంగు. బూడిద రంగు కనబడితే నకిలీ అని కింద పెట్టేయండి. అలాంటివాటిలో సేవ్ (ఆడినంతవరకు దాచుకున్నది) ఎప్పుడు ఎగిరిపోతుందో ఎవరూ చెప్పలేరు.

పీఎస్5 వాళ్లకు ఇంకో మాట. ఏడో గేమ్ రీమేక్ ‘ఇంటర్‌గ్రేడ్’ (2021) డిస్కులో అసలు గేమ్ ఉంటుంది గానీ, యూఫీ అనే పాత్రతో ఆడే అదనపు భాగం కోడ్‌గా వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో ఆ భాగం మీద ఆశ పెట్టుకోకండి. కోడ్ వాడకుండా మిగిలి ఉన్నా, అది అమెరికా పెట్టెదైతే మన దేశపు ఖాతాలో పనిచేయదు, పీఎస్ఎన్ (ప్లేస్టేషన్ ఆన్‌లైన్) ఖాతా దేశాన్ని మార్చుకునే వీలూ లేదు. మన దగ్గరికి చెన్నై బర్మా బజారు మీదుగా వచ్చే దిగుమతి సరుకులో ఏది ఏ దేశానిదో అట్ట వెనక చూస్తే గానీ తెలియదు.

స్విచ్ 2 వచ్చాక ఇంకో రకం మొదలైంది. 2025లో వచ్చిన ‘బ్రేవ్‌లీ డిఫాల్ట్’ రీమాస్టర్ కార్డులో గేమే ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. ముందు మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాలి, తర్వాత ఆడినప్పుడల్లా కార్డు పెట్టాలి. అట్ట ముందువైపు కింద తాళంచెవి గుర్తు ఉంటుంది. న్యాయంగా చెప్పాలంటే కోడ్ కాగితం కన్నా ఇది నయం. తాళంచెవి కార్డుతో పాటే చేతులు మారుతుంది కాబట్టి రెండోసారి కొన్నవారికీ గేమ్ దక్కుతుంది.

కొనేటప్పుడు పెట్టె తెరిపించి, అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి. డిస్కులు ఎన్ని ఉండాలో ముందే తెలుసుకుని వెళ్లండి. కోడ్ ఉందని ధర పెంచితే, డబ్బు ఇవ్వకముందే దుకాణంలోనే మీ ఖాతాలో వేసి చూడండి. ఒప్పుకోకపోతే ఆ కోడ్ విలువ సున్నా అనుకుని బేరం చేయండి. ఇంట్లో ఓ మాదిరి కంప్యూటర్ ఉంటే ఈ తలనొప్పే అక్కర్లేదు. 10, 10-2 జంట 2016 నుంచి కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఉంది, రాయితీ ఇచ్చినప్పుడు కొనుక్కోవచ్చు.

బిల్లు మాత్రం వదలకండి, అందులో రెండు గేముల పేర్లూ రాయించండి. నాకు ఇచ్చింది ‘గేమ్ 1, 2,600’ అని చేత్తో రాసిన చీటీ. దాన్నే పట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తున్నాను. ఇదే గేమ్‌ను ఇలాగే కొన్నవాళ్లు ఉంటే, అట్ట ఏ దేశానిదో, అమ్మేటప్పుడు మీకేం చెప్పారో కింద రాయండి.