ఓటీపీ అడగని జిరాక్స్ షాపు, నల్లగొండ

మాది తిప్పర్తి, బట్టలు కుడతాను. నెల కిందట అత్తమ్మ ఆధార్ ప్రింట్ కోసం నల్లగొండ వచ్చినప్పుడు గడియారం సెంటర్ దగ్గర ఈ చిన్న షాపు ఎక్కాను. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, కిర్రుమనే ఫ్యాను, గోడకు పెద్ద అక్షరాలతో 1930. సైబర్ మోసంలో డబ్బు పోతే వెంటనే చేయాల్సిన నెంబరట.

అంతకుముందు పోయే చోట కాగితాలన్నీ వాట్సాప్‌లో పంపమనేవాళ్లు. మనది వెతుకుతూ పైకి జరుపుతుంటే ఎవరిదో పాసుబుక్కు, ఎవరిదో పెళ్లి సర్టిఫికెట్ కనిపించేవి. చూసి నవ్వుకున్నాను గానీ, మనవి కూడా రేపు వచ్చేవాళ్లు ఇట్లనే చూస్తారని తట్టలేదు.

ఈ షాపు తమ్ముడు వాట్సాప్ నెంబరే ఇవ్వలేదు. ఆధార్ సైటు తెరిచి కీబోర్డు నా వైపు తిప్పాడు. ఓటీపీ హైదరాబాద్‌లో ఉన్న మా ఆయన ఫోనుకు పోయింది. ఆయన చెప్తుంటే నేను ఒక్కో అంకె గట్టిగా పలుకుతున్నాను. "మెల్లగా అక్కా, వెనక లైన్ ఉంది. నాకు కూడా వినపడొద్దు" అన్నాడు. కీల మీద అంకెలు అరిగిపోయి రెండుసార్లు తప్పు కొట్టాను, అది వేరే సంగతి.

ముందు 8 అంకెలు కనపడకుండా చివరి 4 మాత్రమే ఉండే మాస్క్‌డ్ ఆధార్ తీయించాడు. ప్రింట్ వచ్చాక స్క్రీన్ మా వైపు తిప్పి ఫైలు డిలీట్ చేశాడు, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాడు. లాగౌట్ నాతోనే కొట్టించాడు. ఇన్నేళ్లలో ఇట్లా చేసినవాళ్లను నేను చూడలేదు.

అయితే ఒక ఫిర్యాదు ఉంది. ఊళ్లో మిషన్ మీద డబ్బు తీయడానికి ఆధార్ నెంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ ఉండదు, అందుకే వేలిముద్ర పనిచేయకుండా ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోమన్నాడు. చేశాం. డబ్బు తీసే ముందు లాక్ తీయాలన్న మాట మాత్రం చెప్పలేదు, లేదా నేనే వినలేదో. వారం తర్వాత అత్తమ్మ వేలు పెడితే 330 అని ఎర్రర్. "నా వేలు చచ్చిపోయిందా ఏంది?" అని ఆమె ఒకటే టెన్షన్. లాక్ తీయడానికి మళ్లీ ఆయనకు ఫోన్, మళ్లీ ఓటీపీ.

రెండోసారి పోయినప్పుడు సంచార్ సాథీ అనే సర్కారు సైటులో నా పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూపించాడు. మూడు. నేను కొన్నవి రెండే. మూడోదాని మీద 'నాది కాదు' అని పెట్టించి వచ్చాను.

ప్రింట్ 5 రూపాయలు, బయట 2కే చేస్తారు. ఒక్క మనిషే కాబట్టి అరగంట నిలబడాలి. నాలుగు స్టార్లు. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా షట్టర్ వేసేస్తాడు, చూసుకుని పోండి.