మా స్టేషన్ టికెట్ కౌంటర్‌కి ఐదుకి ఐదు, బయటున్న మెషిన్‌కి రెండు

ఇంగ్లాండ్‌లో సర్రే వైపు ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నాం. మా స్టేషన్‌లో రెండు ప్లాట్‌ఫారాలు, బయట గోడ పక్కన ఒక టికెట్ మెషిన్, లోపల ఒకే ఒక్క టికెట్ కౌంటర్. ఈ రివ్యూ ఆ కౌంటర్ గురించి. ఇండియా నుంచి అమ్మానాన్నలని పిలిపించుకుని నాలుగు ఊళ్ళు చూపిద్దామనుకునే వాళ్ళు తప్పకుండా చదవండి, డబ్బులు మిగులుతాయి.

మా అమ్మా నాన్నా రాజమండ్రి నుంచి ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చారు. బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్ బాలాజీ గుడికి వెళ్ళాలని అమ్మ దిగిన రోజు నుంచీ అంటోంది. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అమ్మా నాన్నా. ఆరుగురికి రైలు టికెట్లంటే ఇక్కడ మాటలు కాదు. ఫోన్‌లో చూస్తే వచ్చిన మొత్తానికి మా ఆయన కారు అద్దెకి తీసుకుందామన్నారు. అమ్మకి కారులో అంత దూరం పడదు, వాంతులవుతాయి. సరే, ఒకసారి కౌంటర్‌లో అడుగుదామని నాన్నని తీసుకుని వెళ్ళాను.

మన రైల్వేలో 2020 మార్చిలో సీనియర్ సిటిజన్ల రాయితీ ఆపేసినప్పటి నుంచి నాన్నకి అదో బాధ. అందుకని వెళ్ళగానే ఆయనే అడిగారు, "అరవై దాటినవాళ్ళకి ఏమైనా తగ్గింపు ఉందా మేడమ్?" అని. కౌంటర్‌లో ఆవిడకి కూడా యాభై పైనే ఉంటాయి. ఉంది, సీనియర్ రైల్‌కార్డ్ అంటారు, మూడో వంతు తగ్గుతుంది అని చెప్పి, వెంటనే కార్డు చేసి ఇవ్వకుండా ఇంకో ప్రశ్న వేసింది: "మీరూ మీ ఆవిడా ఎప్పుడూ కలిసే తిరుగుతారా?" ఆవిడ లేకుండా నేను ఎక్కడికీ వెళ్ళను అన్నారు నాన్న. అయితే రెండు సీనియర్ కార్డులు వద్దు, ఇద్దరికీ కలిపి టూ టుగెదర్ అని ఒకే కార్డు ఉంటుంది, తగ్గింపు అంతే, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు తెస్తే చాలు, కాకపోతే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం తొమ్మిదిన్నర లోపు పనికిరాదు అని వివరంగా చెప్పింది. కార్డు 35 పౌండ్లు. రెండు కొనుంటే 70 అయ్యేది.

తర్వాత నా వైపు తిరిగి పిల్లల వయసులు అడిగింది. ఎనిమిది, పదకొండు అన్నాను. మాకు ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ కార్డు తీసుకోమంది. పెద్దవాళ్ళకి మూడో వంతు, ఐదు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకి 60 శాతం తగ్గుతుంది. ఇంత కాలం ఇక్కడ ఉండి కూడా ఈ కార్డు సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. బర్మింగ్‌హామ్‌కి లండన్ మీదుగా ఎందుకు, రెడింగ్‌లో మారితే నేరుగా రైలుంది, 'నాట్ వయా లండన్' అని రాసి ఉండే టికెట్ తీసుకోండి, చవక అని కూడా ఆవిడే చెప్పింది. అమ్మా వాళ్ళు అక్కడ మా బాబాయి ఇంట్లో కొన్నాళ్ళు ఉంటారని తెలిసి, వాళ్ళిద్దరికీ ఆఫ్‌పీక్ రిటర్న్, అంటే రద్దీ లేని వేళల్లో వాడుకునే రానుపోను టికెట్ ఇచ్చింది. వెళ్ళేది టికెట్ మీదున్న తేదీనే వెళ్ళాలి, తిరిగి రావడం నెల లోపు ఎప్పుడైనా రావచ్చు. ఫోన్‌లో చూసిన మొత్తంలో చాలా తగ్గింది. రెండు కార్డుల ఖరీదు కలిపినా ఇంకా మిగిలింది.

ఇంకొకటి నాకు చాలా నచ్చింది. నాన్నకి చెవి మెషిన్ ఉంది. అద్దం అవతల నుంచి మాట్లాడితే ఆయనకి సగం అందదు, అందనప్పుడు నవ్వేసి ఊరుకుంటారు. ఆవిడ అది కనిపెట్టి అద్దం మీద చెవి బొమ్మ ఉన్న స్టిక్కర్ చూపించింది. అక్కడ వినికిడి లూప్ ఉందట. చెవి మెషిన్‌ని 'టి' సెట్టింగ్‌లో పెట్టుకుంటే కౌంటర్ మైకులో మాట నేరుగా చెవిలోకే వస్తుంది. నాన్న మార్చుకున్నారు. ఆ తర్వాత అడగాల్సినవన్నీ తనే అడిగారు, నేను మధ్యలో మాట్లాడాల్సిన పనే పడలేదు.

ఇక బయటున్న టికెట్ మెషిన్. ఎక్కడికి వెళ్ళాలో, ఏ టికెట్ కావాలో మీకు ముందే తెలిసుంటే అది బాగానే పనిచేస్తుంది. తెలియకపోతే అది మీకేమీ చెప్పదు. ఎనీటైమ్, ఆఫ్‌పీక్, సూపర్ ఆఫ్‌పీక్ అని వరసగా చూపించి ఎంచుకోమంటుంది. మనం తప్పు ఎంచుకుంటే రైల్లో టికెట్ చూసేవాళ్ళు వచ్చినప్పుడు తెలుస్తుంది. పెనాల్టీ ఫేర్ అనే జరిమానా వేస్తే అది ఇంగ్లాండ్‌లో 2023 నుంచి 100 పౌండ్లు, దాని మీద టికెట్ డబ్బులు అదనం. 21 రోజుల్లో కడితే ఆ వంద సగమవుతుంది. మా మెషిన్ రైల్‌కార్డులు అమ్మదు, నోట్లు తీసుకోదు, టికెట్ వెనక్కి ఇస్తే డబ్బులివ్వదు. మధ్యాహ్నం ఎండ తెర మీద పడితే అక్షరాలు కనిపించవు. కొంగు అడ్డం పెట్టి నీడ చేస్తే గానీ అమ్మకి ఏ బటన్ ఎక్కడుందో తెలియలేదు. చూపు లేనివాళ్ళు ఆ తెరని ఎలా వాడాలి? రెండు మార్కులు ఎందుకిచ్చానంటే ఆదివారం కౌంటర్ లేనప్పుడు మాకు అదే దిక్కు.

బ్యాంకు కార్డు ట్యాప్ చేసి వెళ్ళిపోవచ్చు కదా అంటారు. లండన్ చుట్టుపక్కల చాలా స్టేషన్లలో అది ఉంది, ఒక్కరే వెళ్ళేటప్పుడు నేనూ అదే వాడతాను. కానీ బ్యాంకు కార్డుకి రైల్‌కార్డు తగ్గింపు ముడిపెట్టడం కుదరదు, పిల్లల చార్జీ కూడా దానికి తెలియదు. ఎనిమిదేళ్ళ పిల్లాడి చేత ట్యాప్ చేయిస్తే పెద్దవాళ్ళ డబ్బులే పోతాయి.

ఈ కౌంటర్ మాకు మిగిలిందంటే చిన్న విషయం కాదు. 2023 జూలై 5న రైలు కంపెనీలు కలిసి ఇంగ్లాండ్‌లో టికెట్ కౌంటర్లలో చాలావాటిని మూసేస్తామని ప్రకటించాయి. మా కౌంటర్ కిటికీ పక్కన కూడా నోటీసు అంటించారు. వాళ్ళ లెక్క ప్రకారం కౌంటర్లలో అమ్ముడయ్యే టికెట్లు 12 శాతమే, మిగతావన్నీ ఫోన్లూ మెషిన్లే. సిబ్బందిని అద్దం వెనక నుంచి ప్లాట్‌ఫారం మీదకి తెస్తాం, అక్కడ ఇంకా బాగా సాయం చేస్తారు అన్నారు. లండన్ అండర్‌గ్రౌండ్‌లో 2015లో దాదాపు అన్ని కౌంటర్లూ ఇలాగే మూసేశారు.

ఆ 12 శాతం ఎవరో మా కౌంటర్ ముందు క్యూలో నిలబడితే తెలుస్తుంది. పెన్షన్ డబ్బులు నోట్లుగా దాచుకున్న ముసలాయన. వీల్‌చైర్ ఎక్కించడానికి ర్యాంప్ పెట్టించమని అడగడానికి వచ్చినామె. పోగొట్టుకున్న సీజన్ టికెట్ కోసం ఏడుపు మొహంతో వచ్చిన కాలేజీ కుర్రాడు. మా నాన్న. వీళ్ళ పని ఒక్కొక్కరిది పది నిమిషాలు పడుతుంది, ఎందుకంటే అది మెషిన్‌తో అయ్యే పని కాదు. రోజూ ఒకే చోటికి వెళ్ళొచ్చే వాళ్ళు ఎన్ని టికెట్లు కొన్నారో లెక్కేసి, ఈ పది నిమిషాలు అక్కర్లేదని తేల్చడం నాకు చాలా కోపం తెప్పించింది.

మొదట అభిప్రాయాలకి 21 రోజులే ఇచ్చారు. గొడవ పెద్దదయ్యాక సెప్టెంబర్ 1 వరకు పొడిగించారు. దాదాపు ఏడున్నర లక్షల మంది రాశారు, ఆ ఉత్తరాల్లో నాదీ ఒకటి. ప్రయాణికుల తరఫున చూసే ట్రాన్స్‌పోర్ట్ ఫోకస్, లండన్ ట్రావెల్‌వాచ్ రెండూ అక్టోబర్ 31న అభ్యంతరం చెప్పాయి. మెషిన్లలో దొరకని టికెట్ల సంగతేంటి, వికలాంగులకి సాయం అవసరమైతే సిబ్బంది ఎక్కడ ఉంటారో ఎలా తెలుస్తుంది అని అడిగాయి. అదే రోజు రవాణా మంత్రి మార్క్ హార్పర్ ఆ ప్రతిపాదనల్ని వెనక్కి తీసుకోమని కంపెనీలకి చెప్పారు. ఆ వార్త చూసి మా వీధిలో ముసలావిడ ఒకామె కౌంటర్‌కి కేక్ చేసి పట్టుకెళ్ళింది.

అలాగని అన్నీ బాగున్నాయని కాదు. మా కౌంటర్ మధ్యాహ్నం దాకానే. ఆవిడ తాళం వేసి వెళ్ళిపోతే వెయిటింగ్ రూమ్, టాయిలెట్ కూడా మూతే. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది, అప్పుడు ఒంటరిగా ప్లాట్‌ఫారం మీద నిలబడాలంటే నాకు టెన్షన్‌గానే ఉంటుంది. ఆవిడ సెలవు పెడితే ఆ రోజు షట్టర్ తియ్యరు. ఊరికే 'మూయలేదు' అంటే సరిపోదు, సాయంత్రం దాకా తెరిచి ఉంచాలి, ఇంకో మనిషిని పెట్టాలి. ఇప్పుడు రైలు కంపెనీలు ఒక్కొక్కటే ప్రభుత్వం చేతికి వస్తున్నాయి కదా, ముందు అడగాల్సింది ఇదే. మార్కులు మాత్రం తగ్గించను. వేళలు తగ్గించింది ఆవిడ కాదు.

మీ స్టేషన్‌లో కౌంటర్ ఉంటే ఊరు చూడ్డానికి వెళ్ళే రోజు కాకుండా, ముందే ఒక రోజు ఖాళీగా ఉన్న టైములో వెళ్ళండి. సోమవారం పొద్దున్న మాత్రం వద్దు, సీజన్ టికెట్ల క్యూ ఉంటుంది. పెద్దవాళ్ళని కూడా తీసుకెళ్ళండి, వాళ్ళ పాస్‌పోర్టులు, చెరో ఫోటో చేతిలో పెట్టుకోండి. ఫలానా టికెట్ ఇవ్వండి అనకండి. ఎంతమంది, ఎవరి వయసు ఎంత, ఎప్పుడు వెళ్ళి ఎప్పుడు రావాలి అనేవి చెప్పి ఏది మంచిదని అడగండి. పిల్లలు కాక ముగ్గురు గానీ అంతకన్నా ఎక్కువ మంది గానీ కలిసి వెళ్తుంటే గ్రూప్‌సేవ్ అనే గుంపు తగ్గింపు వర్తిస్తుందా అని కూడా అడగండి. దానికి కార్డు ఏమీ కొనక్కర్లేదు.